వెంట వచ్చిన సినిమాలు

సోమవారం పొద్దున ప్రార్థన అయిపోయి స్టాఫ్‌రూమ్‌లో అడుగు పెట్టగానే ఎవరో ఒకరు అడుగుతారు, "ఎట్లుంది మేడం సినిమా?" అని. ఆదివారం ఫస్ట్ షోకి ఇంటిల్లిపాదీ పోవడం మాకు ఎన్నో ఏళ్ల అలవాటు. ఆ సంగతి బడిలో అటెండర్ దగ్గరి నుంచి హెడ్మాస్టర్ దాకా అందరికీ తెలుసు. కరీంనగర్ పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. లెక్కల టీచర్ కాబట్టి ఐదుకి మూడో, నాలుగో మార్కులు వేసి చెబుతానని వాళ్ల ఆశ. నేను మాత్రం "రెండు రోజులు ఆగండి" అంటాను.

ఆగమనడానికి కారణం ఉంది. హాల్లో కూర్చున్నంతసేపూ ఏ సినిమా అయినా కొంత బాగానే ఉంటుంది. చల్లటి గాలి, గుండెలదాకా తాకే చప్పుడు, ముందు వరసలో కుర్రాళ్ల ఈలలు, చేతిలో పాప్‌కార్న్. ఇవన్నీ కలిసి మనల్ని ఒప్పిస్తాయి. అసలు సంగతి తర్వాత తెలుస్తుంది. కొన్ని సినిమాలు బండి స్టాండులోంచి తీసేలోపే జారిపోతాయి. కొన్ని మనతో పాటు బండెక్కి ఇంటికి వస్తాయి. అన్నం తినేటప్పుడు పక్కన కూర్చుంటాయి. మర్నాడు మన పనిలోకి కూడా వస్తాయి. ప్రేమకథ, దయ్యం కథ, కోర్టు కథ అనేవి పోస్టరు మీద మాటలు. వెంట ఏం తెచ్చిందన్నదే నాకు లెక్క. ఈ రెండు మూడేళ్లలో మా ఇంటికి అట్లా వచ్చిన సినిమాల గురించి చెబుతాను.

మొదట చెప్పవలసింది 'బలగం'. 2023 మార్చిలో వచ్చింది. సిరిసిల్ల ప్రాంతం నుంచి వచ్చి, అప్పటిదాకా మనల్ని నవ్వించిన వేణు ఎల్దండి దానికి దర్శకుడు. ఇంటి పెద్ద కొమురయ్య చనిపోతాడు. మూడోనాడు పిట్టకు పెడితే పిట్ట ముట్టదు. తర్వాత పెట్టినా ముట్టదు. ఇంట్లోవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు కాబట్టే ముసలాయన ఆత్మ శాంతించలేదని ఊరంతా అంటుంది. ఆ ఇంటి అల్లుడికీ, కొడుక్కీ ఏళ్ల కిందట చెడిన కారణం ఏమిటి? విందులో ఒక నల్లి బొక్క. వినేవాళ్లకు నవ్వొస్తుంది. మా దిక్కు పెళ్లిళ్లలో, చావుల్లో తిరిగినవాళ్లకు మాత్రం రాదు. బంధుత్వాలు తెగడానికి మా దగ్గర ఎప్పుడూ పెద్ద కారణాలు అక్కర్లేదు. పిలుపు అందకపోతే చాలు, బట్టలు పెట్టేకాడ వరస తప్పితే చాలు.

ఆ సినిమా హాల్లో చూసిన కొన్ని వారాలకే మా ఊళ్లో మళ్లీ చూశాను. ఆ రోజుల్లో తెలంగాణలో చాలా ఊళ్లలో పంచాయతీ ముందర తెర కట్టి రాత్రిపూట దాన్ని ఆడించారు. మా అవ్వ ఫోన్ చేసి "బిడ్డా, ఊరంత చూస్తున్నరు, నువ్వు గూడ రా" అంది. పోయేసరికి ఆడవాళ్లు చాపలు, బొంతలు పరుచుకుని కూర్చున్నారు. ముసలివాళ్లకు కుర్చీలు వేశారు. మా బాపు ఎడమదిక్కు వేపచెట్టు కింద, మా పెద్దబాపు కుడిదిక్కు పంచాయతీ గోడకు ఆనుకుని. తొమ్మిదేళ్లుగా వాళ్లిద్దరికీ మాటల్లేవు. గెట్టు దగ్గరి బావిలో నీళ్ల వంతు మీద ఒకనాడు మొదలైన మాట అది. ఒకే వాడలో ఉంటూ, ఒకరు వస్తుంటే ఇంకొకరు పక్క సందులోకి తిరిగేవారు.

సినిమా చివర మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాట అందుకుంటారు. చచ్చిపోయిన మనిషి తరఫున బతికున్నవాళ్లను అడిగినట్టుగా ఉంటుంది ఆ పాట. మా ఊళ్లో చావు ఇంటి ముందు బుడగజంగాలవాళ్లు పాడితే విన్న గొంతులే అవి. తెర మీద ఏడుపు, తెర ముందర ఏడుపు. నేను తెర చూడలేదు. ఎడమదిక్కు ఒకసారి, కుడిదిక్కు ఒకసారి చూస్తున్నాను. బాపు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. పెద్దబాపు కదలలేదు. ఆట అయిపోయాక ఎవరి దారిన వాళ్లు పోయారు. ఎవరూ ఎవరినీ కావలించుకోలేదు.

తెల్లారి ఆరు గంటలకు పెద్దబాపు వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. లోపలికి రాలేదు. నన్ను చూసి "చాయ్ పొయ్యి బిడ్డా" అన్నాడు. రెండు గ్లాసులు తెచ్చి పెట్టాను. బాపు బయటికొచ్చి అరుగుకు అవతలి చివరన కూర్చుని తన గ్లాసు తీసుకున్నాడు. వాన గురించి రెండు మాటలు, అంతే. ఆ ఏడు దసరాకు బాపు జమ్మి ఆకు పట్టుకుని అన్న ఇంటికి పోయి, చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు. ఇందులో సినిమా గొప్పెంత, వాళ్ల వయసు గొప్పెంత అని నేను విడదీయలేను. ఆ రాత్రి ఆ తెర కట్టకపోతే ఆ పొద్దున చాయ్ ఉండేది కాదన్నది మాత్రం నాకు తెలుసు. ఆ సినిమాలో ఊరి మీద పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు తర్వాత జాతీయ అవార్డు వచ్చింది. మా ఇంట్లో అందరం పండగలాగా సంతోషపడ్డాం.

'35 - చిన్న కథ కాదు' 2024 సెప్టెంబరులో వచ్చింది. తిరుపతిలో జరిగే కథ. అరుణ్ అనే పిల్లవాడికి లెక్కలు రావు. రాకపోవడానికి కారణం బద్ధకం కాదు, ఒక ప్రశ్న. సున్నకు విలువ లేదంటారు కదా, మరి ఒకటి పక్కన పెడితే పది ఎట్లా అవుతుంది? ఎవరూ జవాబు చెప్పకుండానే లెక్క ముందుకు పోతుంది. వాడు అక్కడే ఆగిపోతాడు. ప్రియదర్శి వేసిన లెక్కల మాస్టారు పిల్లల్ని మార్కులతో పిలుస్తాడు. అరుణ్‌ని 'జీరో' అంటాడు. పదో తరగతి గట్టెక్కని తల్లి, నివేదా థామస్ వేసిన సరస్వతి, కొడుక్కి చెప్పడం కోసం తాను ముందు లెక్కలు నేర్చుకుంటుంది. పాసుకు కావలసిన ముప్పై ఐదు మార్కులే పేరుగా పెట్టుకున్న ఈ సినిమాలో ఫైట్లు లేవు, విలన్ లేడు. ఒక పిల్లవాడి సందేహం చుట్టూ రెండు గంటల పైన కథ నడిచింది.

ఆ రోజు హాల్లోంచి నేను మాట్లాడకుండా బయటికొచ్చాను. పేర్ల బదులు మార్కులతో పిలిచే అలవాటు నాకు లేదు. అయితే దిద్దిన పేపర్లను మార్కుల వరసలో పేర్చి, ఎక్కువ వచ్చినవాళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్కరినే పిలిచి ఇచ్చే అలవాటు పదిహేనేళ్లుగా ఉంది. చివరి ఐదారు పేపర్లు చేతిలో మిగిలేసరికి, మిగిలిన పిల్లలు తలలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చునేవారు. అది నేను చూశాను. చూసి కూడా, కష్టపడితే ముందుకొస్తారులే అనుకున్నాను. ఆ సినిమా తర్వాత పేపర్లు హాజరు పట్టీ వరసలో, బోర్లించి ఇస్తున్నాను.

ఆ వారమే ఏడో తరగతిలో అడిగాను, సున్న గురించి మీకేమైనా అడగాలని ఉందా అని. ఐదు నిమిషాలు ఎవరూ నోరు మెదపలేదు. తర్వాత వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి "టీచర్, నూట ఐదులో నడుమ సున్న తీసేస్తే ఏమైతది? దానికి విలువ లేదు గద" అంది. ముగ్గురు పిల్లల్ని ముందుకు పిలిచి వరసగా నిలబెట్టాను. ఒకరు వందలు, ఒకరు పదులు, ఒకరు ఒకట్లు. వందలవాడి చేతిలో ఒక సుద్దముక్క, ఒకట్లవాడి చేతిలో ఐదు, నడుమ పిల్ల చేతులు ఖాళీ. "ఇప్పుడు ఆ ఖాళీ చేతుల పిల్లను కూర్చోమంటే?" అన్నాను. వందలవాడు జరిగి పదుల చోటుకొచ్చాడు. "పదిహేనైంది!" అని క్లాసంతా అరిచింది. అడిగిన అమ్మాయి నిలబడే ఉంది. "అంటే అది చోటు పట్టుకుని నిలబడ్డది టీచర్" అని తనే చెప్పుకుని కూర్చుంది. సున్నతో కూడికకూ తీసివేతకూ నియమాలు రాసిన బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628 నాటివాడు. ఇన్ని శతాబ్దాల తర్వాత ఆ సంగతి మా వెనక బెంచీకి చేరడానికి ఒక సినిమా సాయపడింది.

ఇక పెద్ద సినిమాలు. 2024 జూన్‌లో 'కల్కి 2898 ఏడీ' చూశాం. నాగ్ అశ్విన్ ఊహకు నేను దండం పెడతాను. కురుక్షేత్రం చివరి రాత్రినీ, ఎన్నో వేల ఏళ్ల తర్వాతి కాశీనీ ఒకే కథలో ముడివేయాలనుకోవడమే సాహసం. అమితాబ్ బచ్చన్ అశ్వత్థామగా లేచి నిలబడితే హాలు చిన్నదైపోయింది. ఆయన వయసు, ఆయన అలసట, ఆ పాత్ర శాపం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మొదటి సగంలో మాత్రం కథ కదలలేదు. హీరో భైరవ ఆటపాటలకూ, అతిథి పాత్రలకూ ఇచ్చిన సమయంలో కొంత ఆ కాశీ జనం ఆకలికి ఇచ్చి ఉంటే కథ బరువు పెరిగేది. నీళ్లు, గాలి, పచ్చదనం అన్నీ పైన కాంప్లెక్స్‌లో ఉన్నవాళ్లకే అన్నది ఎంత పెద్ద మాట! దాన్ని చూపించి వదిలేశారు.

అయినా ఆ సినిమా మా ఇంటికి వచ్చింది. అప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఆ రాత్రే అడిగాడు. "అమ్మా, అశ్వత్థామ ఏం తప్పు చేసిండని చావకుండ ఉండమని శపించిన్రు?" చావు రాకపోవడం వరం కదా, శాపమెట్లా అవుతుందని వాడి సందేహం. చెప్పాను. యుద్ధం అయిపోయాక అర్ధరాత్రి శిబిరంలో చొరబడి, నిద్రలో ఉన్న ద్రౌపది కొడుకులను చంపాడని. ఉత్తర కడుపులో పిండం మీదికి అస్త్రం వదిలాడని. నుదుటి మణి తీసుకుని, మానని గాయంతో తిరగమని కృష్ణుడు శపించాడని. బీరువాలోంచి భారతం తీస్తే, ఈ కథ ఉన్న సౌప్తిక పర్వాన్ని తెలుగు చేసింది తిక్కన అని వాడు మొదటిసారి విన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు రాత్రిళ్లు కొంచెం కొంచెం చదువుకున్నాం. అదే ఏడాది సంక్రాంతికి వచ్చిన 'హను-మాన్' వాడికి ఇంతకన్నా ఎక్కువ నచ్చింది. అంజనాద్రి అనే ఊళ్లో, చిల్లర దొంగతనాలు చేసే కుర్రాడికి శక్తి వస్తే ఏమవుతుందన్న కథ పిల్లలకు దగ్గరగా ఉంటుంది. నాకు 'కల్కి'నే మిగిలింది, ఆ రాత్రుళ్ల కోసం.

వెంట వచ్చినవన్నీ మంచివే అని చెప్పలేను. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 'విరూపాక్ష' భయపెట్టడంలో చాలా పనితనం ఉన్న సినిమా. రుద్రవనం అనే ఊరు, ఊరి పొలిమేరలు మూసేసే అష్టదిగ్బంధనం, అజనీష్ లోక్‌నాథ్ సంగీతం. రెండో సగంలో నేను కుర్చీ చేతులు వదలలేదు. కార్తీక్ దండుకి చీకటిని ఎక్కడ ఎంత వాడాలో తెలుసు. కానీ ఆ కథ మొదలయ్యేది ఒక జంటను, చేతబడి చేశారని ఊరివాళ్లు సజీవంగా తగలబెట్టడంతో. అది ఘోరమని సినిమా చూపిస్తుంది. ఆ ఘోరం నుంచే మిగతా కథంతా పుడుతుంది. అయితే ఆ చేతబడి నిజంగానే పని చేస్తుందని కూడా చూపిస్తుంది. బాణామతి, చిల్లంగి అనుమానంతో మనుషుల్ని చెట్లకు కట్టి కొట్టిన వార్తలు, చంపిన వార్తలు మేం పత్రికల్లో చదువుతూ పెరిగాం. జన విజ్ఞాన వేదికవాళ్లు ఊరూరా తిరిగి, మంత్రాలతో చేశారనుకునే పనుల వెనక కిటుకులు చూపించి ఆ భయం పోగొట్టడానికి ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. సినిమా వచ్చిన తర్వాత బడి తెరిచాక ఒక పిల్లవాడు "టీచర్, మా వాడల ముసలామెకు గట్ల చేసుడు వస్తదంట, నిజమేనా?" అని అడిగితే నాకు చెమటలు పట్టాయి. ఆ ముసలామె ఒంటరిది, అడిగేవాళ్లు లేనిది. సైన్స్ మేడం, నేను కలిసి ఒక పీరియడంతా ఆ ప్రశ్నకే ఇచ్చాం. దయ్యం కథలు తీయవద్దని నేననను. మన దగ్గర ఆ భయానికి బలయ్యేవాళ్లు ఎప్పుడూ దిక్కులేనివాళ్లే. తీసేవాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

నవ్వుల సినిమా గురించీ ఇదే బాధ. 2025 సంక్రాంతికి 'సంక్రాంతికి వస్తున్నాం' చూసి మేం కడుపుబ్బ నవ్వాం. మా అత్తమ్మ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. వెంకటేశ్‌కి ఆ వయసులో ఆ తేలిక ఎట్లా వస్తుందో ఆశ్చర్యం. గోదావరి యాసలో ఐశ్వర్య రాజేశ్ భాగ్యం సినిమాకు ప్రాణం. 'బలగం'లో ఏడిపించిన భీమ్స్ సిసిరోలియోనే ఇందులో చిందులు వేయించాడు. పండగకు మూడు తరాలు పక్కపక్కన కూర్చుని నవ్వుకునే సినిమా తీయడం చిన్న విద్య కాదు. అనిల్ రావిపూడికి ఆ విద్య తెలుసు.

అందులో బుల్లిరాజు అనే పిల్లవాడు ఓటీటీలో చూసి నేర్చుకున్న బూతులు తిడుతుంటాడు. తిట్టినప్పుడల్లా హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. పిల్లల చేతికి ఫోనిస్తే ఇట్లా తయారవుతారని చెప్పడమే ఉద్దేశమై ఉండొచ్చు. పండగ సెలవుల తర్వాత ఆరో తరగతిలో ఒక పిల్లవాడు పక్కవాడిని అదే మాట, అదే ఊపుతో తిట్టాడు. చుట్టూ ఉన్న పిల్లలు హాల్లో మనం నవ్వినట్టే నవ్వారు. వాడిని ఏమని కోప్పడను? ఆ మాటకు పెద్దవాళ్లు చప్పట్లు కొట్టడం వాడు చూశాడు. జాగ్రత్త చెప్పడానికి పెట్టిన సన్నివేశం నవ్వించడంలో ఎక్కువ గెలిస్తే, పిల్లలకు జాగ్రత్త చేరదు, తిట్టు చేరుతుంది.

నేర కథల్లో 2024 దీపావళికి వచ్చిన 'లక్కీ భాస్కర్' పనితనానికి నూటికి నూరు వేయవచ్చు. బొంబాయిలో ఒక బ్యాంకు క్యాషియర్, అప్పులు, అవమానాలు, చేతికందే దూరంలో పరుల డబ్బు. దుల్కర్ సల్మాన్ మన వైపు తిరిగి నేరుగా మనతోనే మాట్లాడుతుంటే, ఆ తప్పులో మనం కూడా భాగస్థులమైపోతాం. 1992లో బయటపడ్డ హర్షద్ మెహతా షేర్ల కుంభకోణాన్ని పేరు మార్చి, ఒక మధ్యతరగతి గుమస్తా కిటికీలోంచి చూపించారు వెంకీ అట్లూరి. అంత చిక్కు లెక్క మా అత్తమ్మకు కూడా అర్థమైంది. ఇంటికొచ్చాక మా ఆయన ఒక మాటన్నాడు. "భాస్కర్ గెలిచిండు సరే, మరి పోయిన పైసలు ఎవరివి?" ఆ కుంభకోణంలో షేర్లు కుప్పకూలితే దాచుకున్నదంతా పోగొట్టుకున్న మామూలు మనుషులున్నారు. వాళ్ల ముఖం సినిమాలో కనపడదు. ఇవాళ మా స్టాఫ్‌రూమ్‌లోనే ఫోన్లో షేర్లు కొని అమ్మేవాళ్లు నలుగురున్నారు. వాళ్లందరికీ ఆ సినిమా తెగ నచ్చింది. అందుకే నాకు కొంచెం భయం.

చివరగా 'కోర్ట్'. 2025 మార్చిలో వచ్చింది. రామ్ జగదీశ్‌కి మొదటి సినిమా. విశాఖపట్నంలో ఒక వాచ్‌మన్ కొడుకు, పద్దెనిమిది నిండని పెద్దింటి అమ్మాయి ఇష్టపడతారు. అమ్మాయి తరఫు పెద్దమనిషి ఆ కుర్రాడి మీద పోక్సో కేసు పెట్టిస్తాడు. శివాజీ వేసిన మంగపతి పాత్రను చూస్తే వెన్ను జలదరిస్తుంది, ఎందుకంటే ఆయన ఎక్కడా రాక్షసుడిలా కనపడడు. పరువు అనే మాట మన ఇళ్లలో ఏ గొంతుతో పలుకుతారో అదే గొంతుతో పలుకుతాడు. అట్లాంటి మేనమామలు, బాబాయిలు ప్రతి బంధువర్గంలో ఉంటారు.

ఒకటి మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడడానికి 2012లో వచ్చిన చట్టం పోక్సో. ఎంతోమంది చిన్నపిల్లలకు అదే రక్ష. సినిమా చూసి ఆ చట్టమే తప్పుడు కేసుల కోసం ఉందనుకుంటే పెద్ద పొరపాటు. తనకు జరిగింది చెప్పుకోలేక నా దగ్గరికొచ్చి ఊరికే నిలబడి వెళ్లిపోయిన పిల్లల్ని నేను చూశాను. సినిమాలో ఆ అమ్మాయి మాట ఇంకా ఎక్కువ వినిపించి ఉంటే బాగుండేదని కూడా నాకనిపించింది. కానీ ఆ సినిమా వల్లే మా పదో తరగతి పిల్లలతో ఒక శనివారం మధ్యాహ్నం కూర్చుని, పద్దెనిమిదేళ్లలోపు అంటే చట్టం దృష్టిలో ఏమిటో, ఇష్టపడ్డామన్న మాట అక్కడ ఎందుకు చెల్లదో, ఆపద వస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఎట్లా ఫోన్ చేయాలో మాట్లాడాను. మగపిల్లలు ముందు తలలు దించుకున్నారు. తర్వాత వాళ్లే ఎక్కువ ప్రశ్నలు వేశారు. అన్నేళ్లుగా ఆ మాట ఎట్లా ఎత్తాలో తెలియక వాయిదా వేశాను. "కోర్ట్ సినిమా ఎవరెవరు చూసిన్రు?" అన్న ఒక్క ప్రశ్నతో అది మొదలైపోయింది.

ఇప్పుడు ఎవరైనా ఈ మధ్య వచ్చినవాటిలో ఏది మంచి సినిమా అని అడిగితే 'బలగం', '35' అంటాను. రెండూ పెద్ద హీరోలు లేని సినిమాలే, రెండూ మన ఇళ్లలోని మాటలతోనే తీసినవి. మూడోది 'కోర్ట్'. 'విరూపాక్ష', 'లక్కీ భాస్కర్' తీసినవాళ్ల చేతి నేర్పు ఎవరికీ తీసిపోదు. ఆ నేర్పే ఒక ఒంటరి ముసలామె వైపు, దాచుకున్నది పోగొట్టుకున్న మామూలు మనిషి వైపు ఒక్కసారి తిరిగితే ఎంత గొప్ప సినిమాలు వస్తాయో అని నా ఆశ.

సినిమా చూసేవాళ్లకూ ఒక మాట. హాలు గేటు దగ్గర మైకు పెట్టి ఎట్లుందని అడిగితే, వెంటనే చెప్పకండి. ఇంటికి పోండి. రెండు రోజులు మీ పని మీరు చేసుకోండి. మీ పిల్లలు ఏం అడుగుతున్నారో, ఏ మాట కొత్తగా నోట పడుతోందో వినండి. అప్పుడు చెప్పండి, బాగుందో లేదో.

మొన్న ఆదివారం ఊరికి పోతే, బాపు, పెద్దబాపు ఒకే అరుగు మీద ఉన్నారు. నడుమ చాయ్ గ్లాసులు రెండు.